మిగిలిన తొంభై ఏడు చుక్కలు

ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖ సంచాలకుల వారికి,


అయ్యా,

ఆ సాయంత్రం నా దగ్గర మూడు కోళ్లున్నాయి. నేను కొనుక్కొచ్చిన సీసాలో వంద కోళ్లకు సరిపడా మందుంది. చల్లటి నీళ్లలో కలిపాక దాని ఆయుష్షు రెండు గంటలు. కోడికి ఒక్క చుక్క, కంట్లో. మూడు చుక్కలు పోతే మిగిలేవి తొంభై ఏడు. ఈ ఉత్తరం ఆ తొంభై ఏడు చుక్కల గురించి.

మూడు కోళ్ల మనిషి శాఖాధిపతికి ఇంత ఉత్తరం రాయడమా, కోడిగుడ్డు మీద ఈకలు పీకడం కాకపోతే, అని మీకు అనిపిస్తే తప్పు లేదు. మా అత్త కూడా అదే అంది. అయినా రాస్తున్నాను.

మాది పామిడి, బట్టల ఊరు. పెన్న ఒడ్డున, గుత్తికీ అనంతపురానికీ నడుమ, 44వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని ఉంటుంది. నైటీలూ లంగాలూ కుట్టి ఊళ్లకు పంపే ఇళ్లు వీధికి నాలుగైనా ఉంటాయి. నేను బీఎస్సీ చదివి ఓవర్‌లాక్ మిషను ముందు కూర్చున్నదాన్ని. ఆ చదువు మిషనుకు పనికిరాలేదు గానీ కోళ్లకు పనికొచ్చింది.

మా ఇంటి కోళ్లు కూరకు కాదు. ఈ మాట పామిడిలో చెబితే నవ్వుతారు. రాగిసంకటిలోకి నాటుకోడి పులుసు లేకపోతే పండగ పండగే కాదనుకునే సీమ ఇది. "కూరకు గాని కోడి యాడన్నా ఉంటాదా?" అంటుంది మా అత్త. అంటూనే మిట్టమధ్యాహ్నం లేచిపోయి వాటి నీళ్లచట్టి మార్చేది ఆమే. గుడ్లు తింటాం. గుడ్లు మానేసిన ముసలిపెట్ట కూడా మా పెరట్లోనే తిరుగుతుంది. ఈకల రంగును బట్టి ఒకదాని పేరు బెల్లం, ఇంకోదాని పేరు తెల్లి. పేరు పెట్టినదాన్ని కోయలేమని మా చిన్నోడికి తెలుసు, అందుకే పిల్ల గుడ్డులోంచి బయటపడీ పడకముందే పేరు పెట్టేస్తాడు.

ఇట్లాంటి ఇళ్లు తక్కువేమీ కావు. 2019 పశుగణనలో దేశం మొత్తం కోళ్లూ బాతులూ వగైరా 85 కోట్లు తేలితే, అందులో దాదాపు 31.7 కోట్లు పెరటివి. 2012 లెక్కతో పోలిస్తే ఫారం కోళ్లు పెరిగింది 4.5 శాతం, పెరటి కోళ్లు పెరిగింది 45 శాతం పైన. ఇన్ని కోట్లు ఒకచోట లేవు. ఇంటికి మూడు, ఇంటికి ఏడు, ఇంటికి పదకొండు చొప్పున చెదిరి ఉన్నాయి. మందు సీసాలు మాత్రం ఫారం లెక్కన తయారవుతున్నాయి.

అసలు నేను ఆ సీసా దాకా ఎట్లా వచ్చానో చెప్పాలి. తప్పు నాదే కాబట్టి దాచుకోను.

2025 ఫిబ్రవరి 26, శివరాత్రి. గుడికి పోయే దారిలో ఒకాయన గంప నిండా రంగు కోడిపిల్లలు పెట్టుకుని కూర్చున్నాడు. గులాబి, పచ్చ, ఊదా. బట్టల ఊళ్లో పెరిగినదాన్ని, రంగు అద్దకాన్ని చూడగానే గుర్తుపడతాను. అయినా చిన్నోడు కాళ్లకు చుట్టుకుంటే మూడు కొన్నాను. ఈ పిల్లలు ఎక్కడివంటే, గుడ్ల కోళ్ల హేచరీల్లో పొదిగినవాటిలో సగం మగవి. అవి గుడ్లు పెట్టవు, మాంసానికి తొందరగా ఎదగవు. హేచరీకి బరువు. వాటికే రంగు పులిమి తిరునాళ్లకు తోలుతారు. మొదటి వారం పిల్లకు 33, 34 డిగ్రీల వెచ్చదనం కావాలి. తల్లి రెక్కయినా ఉండాలి, లేదంటే బల్బయినా ఉండాలి. నేను అట్టపెట్టెలో గుడ్డపీలికలు పరిచి, వెచ్చగానే ఉంటాయిలే అనుకున్నాను. పచ్చది రెండో రాత్రి పోయింది, ఊదాది మూడో రాత్రి. గులాబిది బతికింది. ఒక్కటే అరుస్తోందని జాలిపడి, దాన్ని తీసుకుపోయి మా తొమ్మిది పెట్టల మధ్య వదిలాను.

చేయకూడనిది అదే. బయటి నుంచి వచ్చిన కోడిని కనీసం రెండు మూడు వారాలు వేరే ఉంచాలి. వేరే నీళ్లు, వేరే మేత పెట్టాలి. పాతవాటికి చేసిన తర్వాతే కొత్తదాని దగ్గరికి పోవాలి. అప్పటికి నాకు ఇదేమీ తెలియదు.

పదో రోజుకు ఒక పెట్ట తూగడం మొదలుపెట్టింది. పచ్చగా, నీళ్లలాగా రెట్ట. మరుసటి రోజు ఇంకోదాని రెక్కలు వాలిపోయాయి. మూడోది మెడ మెలితిప్పి ఆకాశంలోకి చూస్తూ, వెనక్కి వెనక్కి నడిచి గోడకు తగిలి పడింది. మా అత్త గడపలోంచే చూసి, "కొక్కెర" అంది. ఒక్క మాటే అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. వారంలో ఏడు పోయాయి. బెల్లం, తెల్లి మిగిలాయి. గులాబి దర్జాగా తిరుగుతూనే ఉంది. టీకాలు వేసిన తల్లుల నుంచి గుడ్డులో దిగిన రక్షణ హేచరీ పిల్లకు రెండు మూడు వారాలు ఉంటుంది, మా నాటు పెట్టలకు అదీ లేదు. జబ్బును ఆ పిల్ల మోసుకొచ్చిందో, తిరునాళ్ల నుంచి నా చెప్పులే మోసుకొచ్చాయో, నేనైతే రెండింటినీ మన్నించలేదు.

కొక్కెరకు పుస్తకాల్లో రెండు ఊళ్ల పేర్లున్నాయి. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గర గుర్తించారు కాబట్టి అక్కడివాళ్లకు న్యూకాజిల్ జబ్బు. మరుసటి ఏడు మన కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో బయటపడింది కాబట్టి మన పశువైద్యులకు రాణిఖేత్. మా అత్తకు ఈ రెండు ఊళ్లూ తెలియవు గానీ జబ్బును గడపలోంచి చూసి చెప్పగలదు. చెప్పగలదే గాని ఆపలేదు. వచ్చాక మందు లేదు. రాకముందు చుక్క ఒక్కటే దారి.

అయితే ఆ మార్చి నెల ఎట్లాంటిదో మీకు గుర్తుంటుంది. ఫిబ్రవరిలోనే గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ అని భోపాల్ ల్యాబు తేల్చింది. తర్వాత కర్నూలు నగరంలో కూడా బయటపడింది. కర్నూలంటే మాకు అదే రోడ్డు మీద వంద కిలోమీటర్ల పైచిలుకు, అంతే. నరసరావుపేట పాప బర్డ్ ఫ్లూతో మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయిందీ ఆ నెలలోనే. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందన్న వార్త ఏప్రిల్ మొదట్లో వచ్చింది. ఆ రోజుల్లో మా పెరట్లో కోడి తూగితే వీధి ఏమనుకుంటుంది? ఎవరూ ఏమీ అనలేదు. మా ఇంటి ముందు నుంచి నడవడం మాత్రం మానేశారు. ఆ వారంలోనే పక్క వీధుల్లో కూడా కోళ్లు పోయాయని తర్వాత తెలిసింది. ఎవరూ చెప్పలేదు. తెల్లారకముందే సంచిలో కట్టి పెన్న ఇసకలోకి విసిరేసి వచ్చారు. ఎండిన ఏట్లోకి విసిరిన కోడిని కుక్క ఇంకో వీధికి మోసుకుపోతుందని చెప్పడానికి బీఎస్సీ అక్కర్లేదు.

నేను మాత్రం పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేశాను. నమూనాలు తీసుకుపోయారు. బర్డ్ ఫ్లూ కాదని కబురొచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ఆ రెండు జబ్బులూ కంటికి ఒకేలాగా ఉంటాయి. తురాయి నల్లబడి, మొహం వాచి, కోళ్లు ఉన్నట్టుండి గుంపుగా చస్తే ఫ్లూ మీద అనుమానం ఎక్కువ. మెడ తిరిగితే కొక్కెర మీద ఎక్కువ. కానీ తేల్చాల్సింది ల్యాబే. అందుకే దాచకుండా చెప్పడం ముఖ్యం. చెబితే ఏమవుతుందో జనానికి సగమే తెలుసు. ఫ్లూ అని తేలితే కిలోమీటరు చుట్టూ ఉన్న కోళ్లన్నింటినీ చంపుతారని తెలుసు. చంపినవాటికి పరిహారం ఉంటుందనీ, అప్పటికే చచ్చినవాటికి ఉండదనీ తెలియదు. ఈ రెండో సగం తెలిస్తే సంచులు పెన్నకు పోకముందే ఫోన్లు మోగుతాయి. దయచేసి ఈ ఒక్క వాక్యాన్ని గోడల మీద రాయించండి. నైటీల రేట్లు రాసుకునే మా గోడల మీద చోటు ఇస్తాం.

ఇక సీసా సంగతి.

మూడు కోళ్లకు కొక్కెర రాకుండా లసోటా టీకా వేయించాలని జిల్లా కేంద్రంలో మందుల దుకాణానికి పోయాను. వాళ్లిచ్చిన సీసా వంద డోసులది. బొటనవేలంత సీసాలో అడుగున తెల్లటి బిళ్ల. పక్కన కలిపే నీళ్ల సీసా. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. బయట ఎండ నలభై దాటింది. చెరకురసం బండాయన దగ్గర మంచుముక్కలు అడిగి, చిన్నోడి స్కూలు ఫ్లాస్కులో సీసాను కూరి, బస్సులో ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్నావిడ "ఇన్సులినా అమ్మా?" అంది జాలిగా. కోళ్లమందు అని చెప్పేసరికి జాలి పోయింది.

సాయంత్రం ఆరింటికి, కోళ్లు గూటికి చేరే వేళ, మందు కలిపాను. గులాబిని మా అత్త పట్టుకుంది. ఆమె పట్టుకునే తీరు చూడాలి. రెండు రెక్కలూ ఒక గుప్పిట్లో ఒడిసి, కోడిని చంకలో పెట్టుకుని, చూపుడువేలితో తలను ఒక పక్కకు వంచి ఆపుతుంది. కోడి కన్ను గుండ్రంగా, నారింజ రంగులో, రెప్ప వేయకుండా నా చేతిని చూస్తోంది. ఒక చుక్క. అది కంటి మీద పూసలాగా నిలబడింది. ఒక క్షణం. రెండు. కోడి రెప్ప వేసింది. చుక్క లోపలికి ఇంకిపోయింది. "మింగింది," అంది అత్త. కంట్లో వేసిన చుక్క ముక్కులోకీ గొంతులోకీ దిగుతుందని నేను చెప్పేలోపే కోడి నాలుక ఆడించింది, చేదు మందు మింగిన పిల్లాడిలాగా.

మూడూ అయిపోయాయి. ఆరు గంటల ఎనిమిది నిమిషాలు.

సీసాను దీపం వెలుతురుకు ఎత్తి చూశాను. నిండుగానే ఉంది. అత్త వైపు చూశాను. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

మొదటి ఇంటి పిన్నమ్మ తలుపు సగమే తీసింది. "కంట్లో మందేస్తే కండ్లు పోతే?" అని అడిగింది. మా అత్త, "మీ మనవడికి నోట్లో ఏసినారు గదా, నోరు పోయిందా?" అంది. తలుపు పూర్తిగా తెరుచుకుంది. రెండో ఇంట్లో తాత, "మా కోళ్లకు అమ్మోరే దిక్కు" అని మంచం మీద నుంచి లేవలేదు, ఆయన కోడలు మాత్రం గంప ఎత్తి ఐదింటినీ పట్టిచ్చింది. మూడో ఇంటికి వచ్చేసరికి పిల్లలు మాకంటే ముందు పరిగెత్తుతున్నారు. "కోళ్లకు పోలియో చుక్కలంట!" ఆ అరుపే మా దండోరా. చుక్క పడ్డ కోడికి గుర్తుగా పోలియో చుక్కలు వేసిన పిల్లల వేలికి పెట్టినట్టే కాలిగోటి మీద పెన్ను గీత పెట్టాడు చిన్నోడు. ఏడున్నరకు కరెంటు పోతే ఫోను వెలుతుర్లో వేశాం. కొన్ని కోళ్లు తల విదిలించి చుక్కను నేలపాలు చేశాయి, వాటికి మళ్లీ వేశాం. ఎనిమిదింటికి ఆపేశాను. మావి మూడు పోను యాభై ఎనిమిది. మిగిలిన మందును సీసాతో సహా మరిగే నీళ్లలో ఉడకబెట్టి పారబోశాను. అది బతికున్న వైరసు, కాలవలో పోయకూడదు.

ఎంత పడింది మనిషికి? లెక్క చూడలేదు. బస్సు చార్జీ కంటే తక్కువే పడుంటుంది. అయ్యా, మా వీధికి మందు ఖరీదు అడ్డం రాలేదు. సీసా ఒక ఇంట్లో ఉంది, కోళ్లు ఇంటింటా ఉన్నాయి, రెండు గంటల టైముంది. ఈ మూడూ ఒకచోట కలవకపోవడమే అడ్డం.

నా విన్నపం అదే. మీ శాఖ ఊళ్లలో కొక్కెర టీకాలు వేయిస్తుందని తెలుసు. అది ఎప్పుడు వస్తుందో ముందుగా తెలిసేట్టు, ప్రతి ఊరికీ, ప్రతి వార్డుకూ ఒక తేదీ కట్టండి. 1995లో మొదలైన పల్స్ పోలియో నుంచి దేశం నేర్చుకున్న పాఠం ఇదేగా. మందు ఆస్పత్రిలో ఉండి పిల్లల కోసం చూడకుండా, ఒక ఆదివారం ప్రకటించి వీధికొచ్చింది. 2014 నాటికి పోలియో మన దేశంలో లేదు. కోళ్లకు ఆదివారం వద్దులెండి, ఆ రోజు సగం కోళ్లు కూరలో ఉంటాయి. మంగళవారం సాయంత్రం ఆరింటికి, కోళ్లు గూట్లో ఉన్నప్పుడు పెట్టండి. పగలు పది గంటలకు వచ్చి పెరట్లో కోళ్ల వెంట పరిగెత్తితే మీ సహాయకులకు ఆయాసమే మిగులుతుంది. చుక్క వేయడం మాలాంటి ఆడవాళ్లకు నేర్పించి, ఐసు డబ్బా చేతికిస్తే చాలు. మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో ఊరివాళ్లే ఈ పని చేస్తున్నారు. నాలుగు నెలలకోసారి, కంట్లో ఒక చుక్క.

వాళ్లు వేసే మందు గురించి కూడా ఒక మాట. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఐ-2 అనే రకాన్ని వృద్ధి చేశారు. వేడిని కాస్త ఓర్చుకుంటుంది కాబట్టి ఫ్రిజ్ లేని ఊళ్లకు చేరుతుంది. ఆ విత్తన వైరసును పేదదేశాలకు ఉచితంగా ఇచ్చారు. అనంతపురం ఎండను చూసినవాళ్లెవరికైనా ఇట్లాంటి మందు ముందు మనకే కావాలనిపిస్తుంది. ఏది వాడాలో తేల్చేది మీ శాస్త్రవేత్తలు. కానీ ఫ్లాస్కును ఒడిలో పెట్టుకుని బస్సులో కూర్చున్న మనిషిగా అడిగే హక్కు నాకుంది.

రెండో విన్నపం చిన్నది, ఒక కాగితం. మీ కరపత్రాలు చాలా చదివాను. షెడ్డు ఇంత వెడల్పు, లిట్టరు ఇంత మందం, వెయ్యి పిల్లలకు ఇంత దాణా. బాగుంటాయి. మా ఇంటికి సరిపోవు. మా ఇంట్లో కోడి షెడ్డులో ఉండదు. పగలు పెరట్లో, మధ్యాహ్నం వసారాలో, రాత్రి కొన్ని గూట్లో, కొన్ని మొన్నటిదాకా అత్త మంచం కింద. ఇల్లూ పెరడూ కలిసిపోయిన చోట కోడిని ఎట్లా కాపాడుకోవాలి, కోడి నుంచి పిల్లలను ఎట్లా కాపాడుకోవాలి, ఈ రెండూ ఒకే కాగితం మీద కావాలి. మీ వాళ్లు రాయడానికి వీలుగా, దెబ్బ తిని తెలుసుకున్నవి కొన్ని చెబుతాను.

గూడు. మా మామ తాడిపత్రి బండలతో కట్టాడు. నాలుగు బండలు నిలబెట్టి, పైన ఒక బండ మూత. ముంగిస తవ్వలేదు, పందికొక్కు కొరకలేదు, కుక్క నెట్టలేదు. ఏడాదిలో తొమ్మిది నెలలు కోటే అది. మిగతా మూడు నెలలు పెనం. ఏప్రిల్‌లో సాయంత్రం ఆరింటికి పై బండ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి ఎగశ్వాస తీయడమే దానికున్న దారి. రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి, నోరు తెరిచి నిలబడిందంటే నీడ అడుగుతున్నట్టు. ఇప్పుడు పై బండ మీద తడి గోనెపట్టా, దాని మీద జానెడు ఎత్తున వేపమండలూ వేస్తున్నాం. ముందువైపు చెక్క తలుపు తీసేసి, వేలు దూరనంత సన్నకంతల ఇనుప జాలీ బిగించాం. గాలి ఆడుతుంది. జాలీకి పిడికిలంత ఖాళీ వదిలినా ముంగిస దూరుతుంది, ఆ పాఠానికి ఒక పిల్లలకోడిని చెల్లించాం. నీళ్లు స్టీలు గిన్నెలో పెట్టవద్దు, గంటలో కాగిపోతాయి. పాత కుండ అడుగుభాగం సగం భూమిలో పాతి, వేప కింద పెట్టాలి. మేత తెల్లవారకముందూ, పొద్దుగూకినాకా. మధ్యాహ్నం తిన్నది అరగడానికి ఒంట్లో వేడి పుడుతుంది, బయటి వేడికి అదొకటి తోడు.

దారం. ఇది పామిడి సమస్య, ఏ పుస్తకంలోనూ చూడలేదు. కొక్కెర పోయాక బెల్లం నాలుగు పిల్లలను పొదిగింది. ఒక పిల్ల కుంటుతోంది. ముల్లేమోనని చేతిలోకి తీసుకుని కళ్లజోడు పెట్టి చూస్తే, నడిమివేలు నల్లగా కమిలి ఉంది. వేలి మొదట్లో చర్మంలోకి దిగిపోయిన సన్నటి గీత. నీలిరంగు. నేను ముందురోజు ఓవర్‌లాక్ చేసిన నైటీల దారం. మిషను కింద గీరుకుంటూ తిరిగినప్పుడు చుట్టుకుంది. నడిచేకొద్దీ బిగిసింది. కుట్లు ఊడదీసే రిప్పరు మొనను చర్మానికీ దారానికీ మధ్య దూర్చి, ఊపిరి బిగబట్టి తెంపాను. పిల్ల అరవలేదు. నా వేలి మీద ముక్కు ఆనించి నిలబడింది. పాదం దక్కింది, ఆ వేలి కొస రాలిపోయింది. పెద్ద కోళ్లయితే దారాలను పురుగులనుకుని మింగుతాయి, మెడ కింది మేతసంచిలో అవి ఉండ కట్టుకుంటాయి. గుండీలూ, విరిగిన సూదులూ కూడా వాటికి గింజలే. అప్పటి నుంచి మిషను గదికి అడుగు ఎత్తున అట్ట అడ్డం పెట్టాను. సాయంత్రం కసువు చిమ్మకుండా పెరటి తలుపు తీయను.

మేత. మన జిల్లా శనక్కాయల జిల్లా. గానుగ దగ్గర చెక్క దొరుకుతుంది, కోళ్లకు మంచి బలం. కానీ వానలో తడిసి బూజు పట్టిన చెక్కను మనుషులకు పనికిరాదని కోళ్లకు వేస్తాం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. దాని బూజులో ఉన్న విషానికే తర్వాత అఫ్లటాక్సిన్ అని పేరొచ్చింది. కాలేయాన్ని తినేస్తుంది, వండినా పోదు. అంటే లోకమంతా భయపడే ఆ విషం కథ మన పంటతోనే మొదలైంది. నల్లబడిన కాయ, బూజు చెక్క కోడికి వేయవద్దని అనంతపురం కరపత్రంలో మొదటి వరుసలో ఉండాలి. కొర్రలు, సజ్జలు, నూకలు, తవుడు, కాస్త సున్నపురాయి పొడి. మా కోళ్లకు ఇవి చాలు.

పిల్లలు. ముద్దొచ్చినా కోడిపిల్లను ముద్దు పెట్టుకోకూడదు. ఈ మాట చెప్పడం నాకే కష్టంగా ఉంది, ఎందుకంటే నేనే పెట్టుకుంటాను. కోడి ఆరోగ్యంగా ఉన్నా దాని రెట్టలో, ఈకల మీద సాల్మొనెల్లా ఉండొచ్చు. కరోనా ఏడు అమెరికాలో జనం ఇళ్లల్లో ఉండి పెరటి కోళ్లు తెగ పెంచారు. ఆ 2020లో అక్కడ పెంపుడు కోళ్ల వల్ల 1,700 మందికి పైగా సాల్మొనెల్లా జబ్బు పడ్డట్టు లెక్క తేలింది. దాదాపు పావు వంతు ఐదేళ్లలోపు పిల్లలే. మా ఇంట్లో ఇప్పుడు పెరటి గడప దగ్గర సబ్బూ చెంబూ ఉంటాయి. కోళ్ల దగ్గరికి పోయే చెప్పులు వేరు, అవి గడప దాటి రావు. వంటింట్లోకి కోడికి ప్రవేశం లేదు. మంచం కింది కాపురం ఎత్తించడానికి మా అత్తతో నాలుగు నెలలు పోరాడాను. చివరికి వసారాలో, ఆమె మంచానికి కనిపించేంత దూరంలో గంప పెట్టి రాజీపడ్డాం. రాత్రి గంప మీద బండరాయి ఆమే పెడుతుంది, నేను పెడితే నమ్మదు.

ఇంకో సంగతి కూడా మీ దృష్టికి తెస్తాను. ఇంగ్లండు, వేల్స్‌లలో 2024 అక్టోబరు 1 నుంచి ఒక్క కోడి పెంచినా పేరు నమోదు చేయించుకోవాలి. ఫ్లూ వస్తే ఎవరింటికి కబురు చేయాలో తెలియడానికి అట. మన దగ్గర ఇంకో రిజిస్టరు పెట్టమని నేను అడగను, ఉన్నవే మాకు బోలెడు. కానీ పశుగణన వాళ్లు ఇంటింటికీ తిరిగి కోళ్లు ఎన్నని రాసుకున్నారుగా, ఆ రాసుకున్న ఇంటికే ఒక చుక్కల తేదీ తిరిగి వస్తే బాగుంటుంది.

గులాబి ఇప్పుడు తెల్లటి పుంజు. రంగు మొదటి ఈకలతోనే రాలిపోయింది. తెల్లవారుజామున మూడున్నరకే కూస్తుంది. ఎదురింటివాళ్లు దాని గురించి రాసే ఉత్తరం కూడా మీకే రావొచ్చు.

నాలుగు నెలలు తిరిగి వస్తున్నాయి. పక్కింటి పిన్నమ్మ నిన్న గోడ మీద నుంచి, "మళ్లీ సుక్కలెప్పుడేస్తావే?" అని అడిగింది. వచ్చే నెల రెండో మంగళవారం అని చెప్పాను. మూడు వీధుల్లో కలిపి ఈసారి నూట పదిదాకా కోళ్లు తేలాయి, అంటే సీసా చాలదు. ఒక సీసా నేను తెస్తాను. ఇంకోటి, ఐసు డబ్బాతో, మీ వైపు నుంచి వస్తుందని పిన్నమ్మకు చెప్పేశాను. సాయంత్రం ఆరు గంటలకు, మా వీధి వేపచెట్టు కింద.

ఇట్లు,
పామిడి నుంచి,
ఏడు కోళ్ల ఇంటి కుట్టుమిషనామె